ఫిలిప్ లేని ఫోటోలు

వాళ్ల కుటుంబంలో ఫోటోలన్నీ ఎలీషా దగ్గరే ఉంటాయని అందరికీ తెలుసు. పెళ్లయినా, పుట్టినరోజయినా, క్రిస్మస్ విందయినా ఫోన్ ఎత్తేది అతనే. నంద్యాలలో ఒక విత్తనాల గోడౌన్‌లో ఉద్యోగం. బస్తా మీద చీటీ వంకరగా ఉంటే ఓర్చుకోలేని మనిషి. ఫోటోలనూ అట్లాగే ఏడాది వారీగా సర్దుకునేవాడు. ఆన్‌లైన్‌లో అన్నీ ఉంటాయి. అది చాలదని రెండు హార్డ్ డిస్కులు కొన్నాడు. ఒకటి ఇంట్లో బీరువాలో, ఇంకొకటి ఆఫీసు సొరుగులో. ఇల్లు కాలిపోయినా ఫోటోలు పోకూడదని అతని ఆలోచన.

ఆళ్లగడ్డలో ఉండే అన్న ఫిలిప్‌కు ఇవేవీ పట్టవు. ట్రాక్టర్ల మెకానిక్కు. గ్రీజు వేళ్లకు టచ్ ఫోన్ పలకదని బటన్ల ఫోనే వాడతాడు. వదిన ఎస్తేరు మాత్రం ప్రతిసారీ అడిగేది.

"బాగా వచ్చినానా ఎలీషా? పారేయద్దు."

"యాడికి పోతాయి వదినా. నా కాడ భద్రంగా ఉంటాయిలే."

అమ్మ చిన్నప్పుడే పోతే, ఎలీషాకు అన్నం పెట్టి, తల దువ్వి బడికి పంపింది ఆ వదినే.

మూడేళ్ల కిందట అన్నదమ్ములకు చెడింది. నాయన దేవదానం వదిలిపోయిన ఇంటి స్థలంలో, తమ్ముణ్ణి ఒక్క మాటయినా అడగకుండా ఫిలిప్ షెడ్డు వేసుకున్నాడు. ఎలీషా పెద్దమనుషుల్ని కూర్చోబెట్టాడు. ఫిలిప్ వాళ్లందరి ముందూ, "రేయ్, నా ఇంట్లో తినిన కూడు కక్కి, ఆ తర్వాత స్థలం అడుగు" అన్నాడు. పక్కనే నిలబడిన ఎస్తేరు నేల చూసింది తప్ప నోరు తెరవలేదు.

ఇంటికి తిరిగొచ్చిన ఎలీషా అన్నానికి కూర్చోలేదు. ఫోన్ తీశాడు. అందులో మనుషుల ముఖాలను పోల్చి, ఎవరి ఫోటోలు వాళ్లవిగా చూపించే ఏర్పాటు ఉంది. ఫిలిప్ ముఖం మీద నొక్కాడు. పదిహేనేళ్లుగా తీసిన అన్న ఫోటోలన్నీ ఒక్కసారిగా కుప్పపడ్డాయి. అన్నిటినీ ఎంచుకున్నాడు. మొగుడు పక్కన లేకుండా ఎస్తేరు ఎప్పుడూ ఫోటోకు నిలబడేది కాదు, వాటిలో సగానికి పైగా అన్న పక్కన ఆమె ఉంది. అది అతనికి కనబడింది. కనబడలేదని తర్వాత తనకు తాను ఎన్నిసార్లు చెప్పుకున్నా, కనబడింది. ఆమెను వేరు చేసి దాచాలంటే ఒక్కొక్కటే తెరిచి చూడాలి. 'ఆమె మాత్రం నా తరఫున ఒక్క మాట అనిందా?' అనుకుని తీసేశాడు. చెత్తబుట్ట కూడా ఖాళీ చేశాడు. ఆ ఆదివారం రెండు డిస్కులనూ తుడిచి, మిగిలిన ఫోటోలను మళ్లీ రెండింటిలోకీ ఎక్కించాడు. ఎప్పటిలాగే, చాలా జాగ్రత్తగా.

పోయిన ఏడాది కామెర్లు ముదిరి ఎస్తేరు చనిపోయింది. కబురు అందగానే ఎలీషా ఆళ్లగడ్డ పోయాడు. శవపెట్టె మోశాడు. సమాధి దగ్గర ఫిలిప్ అతని భుజం మీద తల పెట్టి ఏడ్చాడు. తగాదా మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. ఆ రోజు హడావుడిలో ఆధార్ కార్డు మీది బొమ్మనే పెద్దది చేయించి పెట్టారు. అందులో ఎస్తేరు ఎవరో కసిరితే బెదిరిపోయినట్టు ఉంది.

ఎస్తేరు పోయి ఏడాది నిండేనాడు అందరూ ప్రార్థనకు చేరే సంవత్సరీకం కూడిక దగ్గరపడింది. ఫిలిప్ ఉదయం బస్సుకు నంద్యాల వచ్చాడు. కాఫీ గ్లాసు పట్టుకుని కూర్చుని, "ఎస్తేరు ఫోటో మంచిది ఒగటి తియ్యప్పా. నవ్వేది. ఆ ఆధార్‌ది నాకు చూడబుద్ధి కాల్యా" అన్నాడు.

ఎలీషా సిద్ధంగా లేడు. "డిస్కు పాడైపోయిందన్నా. తెరుచుకోల్యా."

"రెండు పెట్టుకున్యావు గదా?"

"రెండూ."

ఫిలిప్ ముఖం వాడిపోయింది. "ఈడ బాగుచేసేవాళ్లు ఉండరా? ఇయ్యి, నేను పొయ్యి అడుగుతా."

వంటింట్లోంచి ఎలీషా భార్య సలోమి వచ్చింది. అన్నదమ్ముల తగాదా ఆమెకు తెలుసు. మొగుడు చేసిన పని తెలియదు. "ఏ డిస్కు? బీరువాలోదా? మొన్న ఆదివారం పిల్లోళ్లు టీవీలో పెట్టుకుని చూసిరి. బాగానే ఉందే" అంటూ, ఎలీషా లేచేలోపలే తెచ్చి టీవీకి తగిలించింది.

ఫోటోలు ఒకదాని వెనక ఒకటి రాసాగాయి. బనగానపల్లె మామిడి తోటలో పిల్లలు. చర్చి ముందు నాయన. క్రిస్మస్ పంక్తిలో కూర్చుని తింటున్న బంధువులు. ఎలీషా పెళ్లి. సలోమి రిమోట్ పట్టుకుని, "ఇప్పుడొస్చాది బావా, ఇందులోనే ఉంటాది" అంటూ నొక్కుతూ పోయింది. కొంతసేపటికి ఆమె మాటలు తగ్గాయి. తర్వాత వేలు కూడా ఆగిపోయింది. తిరిగి మొగుణ్ణి చూసింది.

ఫిలిప్ టీవీ మీంచి కళ్లు తిప్పలేదు. "నీ పెండ్లికి నేను రాల్యాదా?"

ఎలీషా టీవీ ఆపడానికి చెయ్యి చాపాడు.

"పందిరేసింది నేను గదా. నాయన పక్కన ఉన్నింది నేను గదా." మెల్లిగా అన్నాడు. "నన్ను తీసేసినావు. సరే, నామీద కోపం. ఎస్తేరును గూడానా?"

"ఆమె నీ పక్కన ఉన్నిందన్నా."

ఆ మాట నోటి నుంచి వచ్చాక గానీ అది ఎంత ఘోరమైనదో ఎలీషాకు తెలియలేదు. ఫిలిప్ అరుస్తాడనీ, కొడతాడనీ చూశాడు. కొట్టినా బాగుండేది. ఫిలిప్ కాఫీ గ్లాసు కింద పెట్టి, చెప్పులు వేసుకుని బస్టాండుకు పోయాడు.

ఎలీషా ఆ సాయంత్రమే వెతకడం మొదలుపెట్టాడు. డిస్కులను కర్నూలు పంపించాడు. తుడిచిన చోటనే మళ్లీ రాశారు కాబట్టి ఏమీ దొరకదన్నారు. పెళ్లిళ్లకు వచ్చిన వాళ్లందరికీ ఫోన్లు చేశాడు. "నీ కాడ ఉంటాయి గదాని మేము తీయలేదప్పా" అన్నవాళ్లే ఎక్కువ. ప్రతి ఇంట్లో అదే మాట. అది వినీ వినీ, ఎవరైనా తిట్టినా బాగుండు అనిపించేది. చివరికి కోయిలకుంట్లలో మేనత్త దానమ్మ పాత ఫోనులో ఒక్కటి దొరికింది. ఎవరో ఎప్పుడో వాట్సాప్‌లో పంపింది. ఎలీషా పెళ్లినాటి వంటల చోటు. ఎస్తేరు గరిటె పట్టుకుని, ముఖం సగం తిప్పి, పళ్లన్నీ కనిపించేలా నవ్వుతోంది. ఆమె ముందుకు ఎవరిదో నల్లకోటు చెయ్యి ఖాళీ ప్లేటు చాపింది. మనిషి ఫోటోలో పడలేదు. ఆ చెయ్యి ఎవరిదో ఎలీషాకు తెలుసు. పెళ్లికొడుకై ఉండి కూడా ఆ రోజు ఆకలికి ఆగలేక, "వదినా, తొందరగా పెట్టు" అని వెళ్లింది అతనే.

పెద్దది చేస్తే చెదిరిపోతుందని స్టూడియోలో చెప్పారు. చిన్నదిగానే ఫ్రేము కట్టించి ఆళ్లగడ్డ తీసుకుపోయాడు. ఫిలిప్ చేతులు తుడుచుకుని అందుకున్నాడు. చాలాసేపు చూశాడు.

"నీకు పెడతా నవ్వుతాంది" అన్నాడు. ఫ్రేమును లోపలికి తీసుకుపోయాడు.

కూడిక నాడు షామియానా కింద బల్ల మీద ఆ ఫోటో పెట్టి పూలు వేశారు. ప్రార్థన అయ్యాక దానమ్మ దగ్గరికొచ్చి చూసి, "మొగుడూ పెండ్లాం కలిసుండేది ఒగటి పెట్టాల గదా ఫిలిప్పూ" అంది.

ఫిలిప్ తమ్ముడి వైపు చూడలేదు. "మేము తీసుకోలేదత్తా."

ఎలీషా చేతిలో నీళ్ల జగ్గు ఉంది. పంక్తి సగం నడిచింది. ఊరుకుంటే ఆ మాట అక్కడితో సరిపోయేది. అన్న తన కోసం అబద్ధం ఆడుతున్నాడని తెలిశాక ఊరుకోలేకపోయాడు.

"తీసుకున్యారత్తా. నేనే తీసినా. నేనే తీసేసినా."

దానమ్మకు అర్థం కావడానికి కొంత సమయం పట్టింది. అర్థమయ్యాక, "ఆమె చేతి కూడు తినినోడివి గదరా" అని మాత్రం అంది. పంక్తిలో తినేవాళ్లు చేతులాపి చూశారు.

"జనాలు కూచున్యారు. నీళ్లు పొయ్యి" అన్నాడు ఫిలిప్.

ఎలీషా నీళ్లు పోశాడు. ఎవరి గ్లాసు ఎంత నిండిందో సరిగా కనిపించలేదు.

అన్నదమ్ములు ఇప్పటికీ ఒకరింటికి ఒకరు వస్తూ పోతూనే ఉన్నారు. పండగలకు కలిసే తింటారు. ఆ స్థలం గొడవ కూడా తీరిపోయింది. సలోమి ఫోటో తీస్తానంటే ఫిలిప్ చొక్కా సర్దుకుని నిలబడతాడు. ఎలీషా ఫోన్ ఎత్తితే మాత్రం ఏదో పని గుర్తొచ్చినవాడిలా మెల్లిగా లేచి బయటికి పోతాడు. ఎలీషా ఒక నిమిషం ఆగి, మిగిలినవాళ్లను దగ్గరికి జరగమంటాడు.