గండిలో విన్న మాట

మూడు సీసాల నీళ్ళూ నా బావమరిది సంచిలోనే ఉండిపోయాయి. నా భార్య అందువల్ల చనిపోయింది. దీని మీద వాదన అక్కర్లేదు. ఆసుపత్రివాళ్ళు కాగితం మీద ఎండదెబ్బ అని రాశారు. పక్కన నీళ్ళుంటే ఎండ ఏం చేస్తుంది?

నేను ఇళ్ళకు బండలు పరిచే మేస్త్రీని. ఊరి బడిలో ఏడో తరగతి దాకా చదివాను. ఆమె మూడో తరగతి పిల్లలకు పాఠాలు చెప్పేది. ఇంటికొచ్చాక నాకు కూడా చెప్పేది. ఆమె తమ్ముడికి టైర్ల కొట్టు ఉంది. గాలి కొట్టడం వాడి వృత్తి. మాటల్లో కూడా అదే పని.

ఆ ఆదివారం ఎడారిలోని గండికి పోదామన్నది వాడే.

"గంట నడక బావా. చేతికర్ర పట్టుకున్న ముసలాళ్ళే తిరిగొస్తున్నారు. నీకేం నొప్పి?"

నొప్పి ఉంది. ముప్పై ఏళ్ళు మోకాళ్ళ మీద కూర్చుని పని చేసినవాడికి ఎక్కడెక్కడ నొప్పి ఉంటుందో టైర్లవాడికి ఏం తెలుసు? కానీ ఆమె అప్పటికే నోటుబుక్కు, రెండు పెన్సిళ్ళు చేతిసంచిలో పెట్టేసుకుంది. రాళ్ళలో మిగిలిపోయిన పాతకాలపు జీవుల గురించి పిల్లలకు ఒక పాఠం ఉందట. పుస్తకంలో బొమ్మ వేలిగోరంత ఉంది. చూసి పెద్దదిగా గీసుకొచ్చి గోడకు తగిలిస్తానంది.

గండి ముందు ఒంటిగది ఆఫీసు. ఒక కౌంటరు, ఒక బల్ల, గోడమీద దారుల పటం. ఇద్దరు గార్డులు బయట నీడలో నిలబడి ఉన్నారు. టికెట్లిచ్చే ఆవిడ పటం మీద పెన్ను పెట్టి చూపించింది. దారి ఒకటే మొదలై ఒక పెద్ద రాతిగుండు దగ్గర రెండుగా చీలుతుంది. పైదారి జెముళ్ళ గట్టు ఎక్కి తొందరగా గేటుకు వచ్చేస్తుంది. కిందిదారి ఎండిన వాగులో చాలా దూరం తిరిగి ఇదే గేటుకు వస్తుంది.

"కిందిదారిలో ముందుకెళ్తే రాతిలో చేప ఉందండీ. ముళ్ళతో సహా కనిపిస్తుంది," అందావిడ.

నా భార్య నావైపు చూసింది.

"చేపను చూడ్డానికి ఇంత దూరమా? బజారుకెళ్తే బతికున్నదే కనిపిస్తుంది," అన్నాను.

బావమరిది పగలబడి నవ్వాడు. ఆమె నవ్వలేదు.

"పిల్లలకి చేపంటే ఇష్టమండీ."

"పిల్లలకేం, ఏనుగన్నా ఇష్టమే. నా మోకాళ్ళకి కిందిదారి వద్దు. పైదారికే పోదాం."

అదే ఖాయమైంది. మా ఇంట్లో నేను వద్దన్నది వద్దే.

లోపల రెండువైపులా గోడలు నిలువుగా లేచి ఉన్నాయి. మట్టం పెట్టి పరిచినట్టు పొరమీద పొర. నేను పని చూసే కంటితో చూశాను. పొరల మధ్య నత్తలు, గాడి గాడిగా చిప్పలు, అన్నీ రాయిగా మారి ఉన్నాయి. ఆమె ఒకదాని మీద చెయ్యి వేసి అలాగే ఉంచింది.

"ఇక్కడ సముద్రం ఉండేదండీ."

"ఎవరు చూశారు?"

"ఈ నత్త చూసింది బావా," అన్నాడు వాడు. "అక్క తరఫున సాక్ష్యం."

గుండు దగ్గర ఆగాం. కిందిదారిలో పదిహేను అడుగులు వేసి మలుపు తిరిగితే చిప్పల గోడ ఉంది. అక్కడ పది నిమిషాలు కూర్చుని గీసుకుంటానంది. పైన గట్టు మీద నాగజెముళ్ళకు ఎర్రటి పళ్ళు కాశాయి. వాటిని ఫోటో తీసి కొట్లో పెట్టుకుంటానని వాడు ఎక్కిపోయాడు. వీపు మీద సంచితోనే ఎక్కిపోయాడు. ఒక సీసా అక్కకిచ్చి పోవాలన్న జ్ఞానం లేదు.

నేను గుండు నీడలో కూర్చుని మోకాలు రుద్దుకుంటున్నాను. ఆమె నాకు కనబడదు. రాయి మీద పెన్సిలు చెక్కుకుంటున్న చప్పుడు మాత్రం వినిపించింది. కాసేపటికి మలుపు అవతలి నుంచి పిలిచింది.

"వస్తానండీ!"

"సరే," అన్నాను.

సరేనని కూర్చున్నాను. వస్తానంది కదా, వస్తుంది. పావుగంట అయింది. ఆడవాళ్ళు వస్తానన్నాక రావడానికి ఎంతసేపు పడుతుందో పెళ్ళైన ప్రతివాడికీ తెలుసు. ఇంకో పావుగంట అయ్యాక లేచి మలుపు తిరిగాను. గోడ ఉంది. కింద పెన్సిలు పొట్టు ఉంది. ఆమె లేదు.

గోడ పక్కనే గట్టు మీదికి ఎక్కే మెట్లలాంటి రాళ్ళున్నాయి. ఇటు ఎక్కి పైన తమ్ముడి దగ్గరికి చేరిందనుకున్నాను. బావమరిదిని కేకేశాను. వాడు పైనుంచి తొంగి చూశాడు.

"అక్క నీ దగ్గర ఉందా?"

"నీ దగ్గర కదా ఉంది!"

"వస్తానని చెప్పింది రా."

"అయితే వస్తుందిలే బావా. ఎక్కడికి పోతుంది?"

వాడి గొంతులో ఇంకా నవ్వుంది. గట్టంతా ఒకసారి తిరిగొచ్చేసరికి ఆ నవ్వు లేదు. నేను వాడి భుజం పట్టుకుని కుంటుకుంటూ గేటుకు వచ్చాను. అప్పటికి పదకొండు దాటింది. రాళ్ళ మీద చెయ్యి పెట్టలేనంత వేడి.

గార్డుల్లో పెద్దవాడు నన్ను బల్లమీద కూర్చోబెట్టాడు.

"చివరిసారి ఏం మాట్లాడారు?"

"వస్తానంది."

"అంటే వెనక్కి మీ వైపు బయల్దేరారు."

"అవును."

"కిందిదారికి పోయి ఉండరు కదా?"

"పోదు. నేను వద్దన్నాను."

ఇద్దరే ఉన్నాం, రెండుదారులూ ఒకేసారి చూడలేం అన్నాడు. నా మాట మీద ఇద్దరూ పైకి పోయారు. మెట్ల రాళ్ళు ఎక్కుతూ జారి జెముళ్ళలో పడి ఉంటుందని లెక్క వేశారు. బావమరిది వాళ్ళ వెంట పోయాడు. నేనూ వస్తానని లేచాను. ఈ మోకాలితో వస్తే మిమ్మల్ని కూడా వెతకాలి అని గార్డు తలుపు దగ్గరకు వేశాడు.

ఆ గదిలో నాకు చెయ్యడానికి ఏమీ లేదు. ఫ్యాను తిరుగుతోంది. కౌంటరు మీద వైర్‌లెస్ పెట్టెలో అప్పుడప్పుడు గార్డు గొంతు గరగరమంటుంది. గట్టు మొదటి వంపు చూశాం, లేరు. రెండో వంపు చూశాం, లేరు. ప్రతిసారీ టికెట్లావిడ నావైపు చూసి తల అడ్డంగా ఊపేది. నేను నేలను చూస్తూ కూర్చున్నాను. మూలన ఒక బండ కింద సున్నం సరిగా పడలేదు. అడుగు పెడితే డొల్లగా మోగుతోంది. ఎవడో తొందరపడి పరిచాడు. నా భార్య ఎక్కడుందో తెలియనప్పుడు నేను చూసినవి ఇవి.

మధ్యలో బావమరిది ఒకసారి వచ్చాడు. అరచేతులు రెండూ జెముడు ముళ్ళతో నిండిపోయి ఉన్నాయి. పొదలన్నీ చేతులతో పక్కకు తోసి చూశాడట. ఆవిడ ముళ్ళు పీకబోతే వద్దన్నాడు.

"బావా, ఇంకోసారి గుర్తు తెచ్చుకో. ఎటునుంచి వినబడింది?"

"వస్తానంది రా, ఎన్నిసార్లు చెప్పను!" అని అరిచాను.

వాడు మళ్ళీ పైకి పరిగెత్తాడు.

ఒంటిగంటకు ఆవిడ డ్యూటీ అయిపోయింది. ఆవిడ చోట్లో ఒక కుర్రాడొచ్చి కూర్చున్నాడు. ఆవిడ చేతిసంచి భుజానికి వేసుకుని, తలుపు దగ్గర చెప్పులు తొడుక్కుని నావైపు తిరిగింది.

"వస్తానండీ. ధైర్యంగా ఉండండి."

"సరే," అన్నాను.

ఆవిడ వెళ్ళిపోయింది.

ఎక్కడికి వస్తుంది? ఎక్కడికీ రాదు. ఇంటికి పోతోంది. పోతున్నవాళ్ళెవరూ పోతాననరు. ఇరవయ్యారేళ్ళు ప్రతి పొద్దునా నా భార్య గడపలో చెప్పులు వేసుకుంటూ బడికి పోయేముందు నాతో అన్నమాట అదే. ఇరవయ్యారేళ్ళూ నేను తలెత్తకుండా సరే అన్నాను. ఆ రోజు కూడా అన్నాను. చెప్పింది. నేను ఒప్పుకున్నాననుకుని ముందుకు పోయింది.

కౌంటరు మీద పడ్డాను. కుర్రాడు బెదిరిపోయాడు.

"చెప్పు వాళ్ళకి! రాలేదు, పోయింది! కిందికి పోయింది! చేప దగ్గరికి!"

"వస్తానన్నారని కదండీ…"

"పోతానని అన్నట్టురా! చెప్పు ముందు!"

గట్టు చివరి నుంచి వాళ్ళు దిగి కిందిదారిలో అంతదూరం పోవడానికి ముప్పావుగంట పట్టింది. ఆ ముప్పావుగంట నేను పెట్టె పక్కన నిలబడి ఉన్నాను. అరిస్తే ఆమెకు వినబడదు. నడిస్తే అందదు. నా మాట నమ్మి పైకి పోయిన మనుషులు నా మాట మీదే కిందికి పరిగెత్తుతున్నారు. నా చేతిలో ఉన్నది అంతే.

చేపను దాటి కొంతదూరంలో దొరికింది. చీలమండ బెణికింది. పాక్కుంటూ నీడ కోసం పోయి, నీడ లేనిచోట ఆగిపోయింది. ఊపిరి ఉంది. ఆసుపత్రి మెట్ల దాకా కూడా ఉంది. గంట ముందు తెచ్చి ఉంటే అని అక్కడి డాక్టరు సగం మాట అని ఆపేశాడు. నోటుబుక్కులో చేప బొమ్మ పూర్తయింది. ముళ్ళు ఎన్నున్నాయో పక్కన రాసుకుంది.

నెల తర్వాత బావమరిది మా ఇంటికొచ్చాడు. కుర్చీ ఉండగా నేలమీద కూర్చున్నాడు. అరచేతుల్లో ముళ్ళు విరిగినచోట ఇంకా నల్లగా ఉంది.

"సంచి నా దగ్గర ఉండిపోయింది బావా. తప్పు నాదే."

"అవును," అన్నాను.

వాడు తల ఊపాడు. కాసేపు ఏడ్చాడు. నేను ఆపలేదు. తర్వాత ముఖం తుడుచుకుని అడిగాడు.

"ఒక్కటి చెప్పు. ముందు పైకి వచ్చిందన్నావు. ఒంటిగంటకి కిందికి పోయిందన్నావు. మధ్యలో నీకేం తెలిసింది? అక్క నిజంగా ఏమంది?"

కౌంటరు కుర్రాడు వాడికి చెప్పలేదన్నమాట. గార్డులు కూడా చెప్పలేదు.

"ఏమీ అనలేదు."

"బావా…"

"అనలేదన్నాను కదా. లే. ఇంకోసారి ఈ ఊసెత్తితే నా గడప తొక్కొద్దు."

లేచి పోయాడు. మళ్ళీ రాలేదు. నేనూ పిలవలేదు. పనిలో మనుషులు అడుగుతారు, ఇరుగుపొరుగు అడుగుతారు, ఎలా జరిగింది మేస్త్రీ అని. ఎండదెబ్బ అంటాను. ఇక్కడ రాసినదాన్ని పట్టుకుని ఎవరైనా వచ్చి అడిగితే అది కూడా అనను. నోటితో దీన్ని ఎవరికీ చెప్పలేదు. చెప్పను.