సింహాసనానికి వేసిన పలకలు

ఆమె రాజుగారి అంగీకి ఊడిన పన్నెండో హుక్కు మళ్లీ కుట్టి, దారం పంటితో తెంపి, "ఇవాళ నేనూ వస్తానండీ" అంది.

అద్దం ముందు గడ్డం గీసుకుంటున్న భర్త తల తిప్పలేదు. "ఎక్కడికి?"

"నాటకానికి. వందో ఆట కదా. ఒక్కసారన్నా హాల్లో కూర్చుని చూస్తాను."

"నీకెందుకే ఆ తిప్పలు? వీడియో తెస్తాగా."

వీడియో! బస్సు ప్రమాదంలో నడుము కింద సత్తువ పోయి ఆరేళ్లు. అప్పట్నుంచీ తను కుట్టిన బట్టల్ని ఫోనులోనే చూస్తోంది. అందులో రాజు బొటనవేలంత ఉంటాడు. రెండో అంకంలో రాజు కళ్లముందే బిచ్చగాడైపోవాలి. అందుకే బొత్తాలు తీసేసి హుక్కులు పెట్టింది, ఒక్క లాగుకి అంగీ మొత్తం జారిపడేలా. ఆ క్షణాన హాలంతా నోరెళ్లబెడుతుందని అందరూ చెప్పారు. చెబితే విన్నది, అంతే. నాటక సమాజం కరపత్రంలో దీపాలు పెట్టినవాడి పేరుంటుంది, కుర్చీలు సర్దినవాడి పేరుంటుంది. బట్టల దగ్గర మాత్రం ఏ పేరూ ఉండదు. అడిగితే ఆయన, "మనింటి నాటకానికి మన పేరేంటే, బావుండదు" అన్నాడు. కరపత్రం నిండా ఆయన పేరు నాలుగుచోట్ల ఉంది.

గుమ్మంలోంచి అత్తగారు అందుకుంది. "కుర్చీకి చక్రాలుంటే మనిషికి కాళ్లొచ్చినట్టేనా? వాడు రాజు వేషం వేస్తాడా, నిన్ను మోస్తాడా?"

ఆమె అంగీ మడిచి ఒళ్లో పెట్టుకుని రెండు చేతులూ దానిమీద ఆనించింది. "ఇది నలగకూడదు. నా ఒళ్లోనే వస్తుంది."

మధ్యాహ్నం మూడింటికి వ్యాను హాలు ముందు ఆగింది. తొమ్మిది మెట్లు. చూడగానే రెండేళ్ల కిందటి సంగతి గుర్తొచ్చింది. వేరే హాలు. నలుగురు మగవాళ్లు ఆమెను ఎత్తారు. ఒకడి చేతులు చంకల కింద, ఒకడివి మోకాళ్ల కింద. ఒంటిమీది బట్ట ఎక్కడికక్కడ తొలిగిపోయింది. టిక్కెట్ల వరసంతా చూస్తోంది. "జాగ్రత్తరోయ్, పగిలే సామాను!" అని నవ్వించింది ఆయనే. లోపలికెళ్లాక కుర్చీ దారికి అడ్డమన్నారు. ఎత్తినట్టే బయటికి దించేశారు.

ఇప్పుడూ ఆయన మనుషుల కోసం చూస్తున్నాడు.

"ఎత్తొద్దు" అంది.

"మరెలా వస్తావ్? ఎగిరా?"

ఆమె చూపు హాలు వెనక వాకిలి మీద పడింది. సమాజం వడ్రంగి అక్కడ మెట్లమీద పొడుగాటి పలకలు పరిచి సింహాసనాన్ని పైకి తోస్తున్నాడు. దాని కాళ్లకు నాలుగు చక్రాలు. రాజు కూర్చునే కుర్చీకి దారుంది! ఆమె చక్రాలు అటు తిప్పుకుంది.

వడ్రంగి చూశాడు. పలకమీది రంపపు పొట్టు భుజంమీది గుడ్డతో తుడిచి, వెనక నిలబడ్డాడు.

"రా చెల్లెమ్మా. సింహాసనం కంటే బరువా నువ్వు?"

మధ్యలో ఆమె చేతులు అలిసి ఆగితే, చక్రం వెనక చిన్న చెక్కముక్క ఆనించి, తనకే ఆయాసం వచ్చినట్టు పక్కకు తిరిగి నిలబడ్డాడు. ఆమెకు ఏడుపొచ్చినంత పనైంది.

కానీ ఆ దారి స్టేజీ మీదికే. స్టేజీ నుంచి హాల్లోకి దిగాలంటే మళ్లీ అయిదు మెట్లు, పలక వాలడానికి చోటులేనంత ఇరుకు. "పక్కతెర వెనకే ఉండు, కనపడకు" అని ఆయన అంగీ తీసుకుని వెళ్లిపోయాడు.

రెండో అంకంలో హుక్కులు చిటపటా ఊడాయి. అంగీ జారింది. హాలు గుప్పున ఊపిరి పీల్చిన చప్పుడు వినబడింది. ఆమెకు కనిపించింది మాత్రం రాజు వీపు, దానిమీద చెమట మరక.

ఆట అయ్యాక ఆయన మైకు పట్టుకున్నాడు. తొంభైతొమ్మిదిసార్లు చెప్పిన మాటలు, నోటికి అలవాటైపోయినవి. "నా భార్య నడవలేదు. పాపం, ఇల్లు కదల్లేదు. అయినా ఈ బట్టలన్నీ కుట్టింది. మీ చప్పట్లు ఇంటికెళ్లి ఆమెకు చేరవేస్తాను!"

హాలు దద్దరిల్లింది. ఆ చప్పట్లు ఏనాడూ ఇంటికి చేరలేదు. చక్రాలమీద చేతులు వేసి ఆమె వెలుగులోకి వచ్చింది.

"చేరవెయ్యక్కర్లేదండీ. ఇక్కడే ఉన్నాను."

చప్పట్లు తెగిపోయాయి. ఆరేళ్లలో మొదటిసారి ఈ హాలు కనిపించింది. ప్రమాదానికి ముందు తను కూర్చునే ముందు వరస మూడో కుర్చీలో ఎవరిదో చేతిసంచి తీరిగ్గా కూర్చుని ఉంది.

తెర పడగానే ఆయన పళ్లు కొరికాడు. "నలుగుర్లో నా పరువు తీశావ్. సరే, ఇంటికి పద. కొత్త నాటకానికి రేపట్నుంచి కుట్టాలి. అందరూ కొలతలకి వస్తారు."

ఆమె మెడలో వేలాడుతున్న కొలతల టేపు తీసి వడ్రంగి చేతిలో పెట్టింది.

"ముందు ఆ తొమ్మిది మెట్ల కొలత తియ్యన్నా. వాటిమీద పలక పడి, ముందు వరసలో నా కుర్చీకి చోటు దొరికాకే, మిగతావాళ్ల కొలతలు."