పూసలో పువ్వు

"ఆ బంక కాస్త జరిపితే కంచం పెట్టుకుంటాను" అన్నాడు మా ఆయన.

బంక కాదు, పాలిమర్ క్లే. పేరుకు మట్టే గానీ దాన్లో మట్టన్నది లేదు, అదొక రకం మెత్తటి రంగుల ప్లాస్టిక్. పూసలు చేయడం మొదలుపెట్టిన ఈ మూడేళ్ళలో ఆ సంగతి నలభైసార్లు చెప్పి ఉంటాను. నలభైసార్లూ ఆయన తల ఊపాడు. మా ఆయన తల ఊపడానికీ వినడానికీ ఏ సంబంధమూ లేదని నాకు కాస్త ఆలస్యంగా తెలిసింది.

మా ఇంట్లో నాకంటూ ఒక బల్ల లేదు. డైనింగ్ టేబుల్ మీదే నా పని, అదీ రెండు భోజనాల మధ్య. గిన్నెలు తోమి, బట్టలు ఆరేసి, మిగిల్చుకున్న ఆ కాసేపట్లో గులాబీ, తెలుపు, ఆకుపచ్చ ముద్దల్ని పుల్లల్లా చేసి, పువ్వు ఆకారం వచ్చేలా పేర్చి, అన్నిటినీ కలిపి లావుపాటి కడ్డీలా నొక్కుతాను. మెల్లగా సాగదీస్తే కడ్డీ సన్నబడుతుంది, లోపలి పువ్వూ చిన్నదవుతుంది, కానీ చెదరదు. ఎక్కడ కోసినా అదే పువ్వు. ఆ పల్చటి బిళ్ళల్ని ఉండ మీద అతికించి, అరచేతుల మధ్య దొర్లించి, సూదితో బెజ్జం పెట్టి, విడిగా కొనుక్కున్న చిన్న ఓవెన్‌లో అరగంట కాలిస్తే పూస. మొదటిసారి కోసి లోపల పువ్వు చూసిన రోజు వంటింట్లో ఒక్కదాన్నే నిలబడి నవ్వుకున్నాను. ఎవరికైనా చూపించకుండా ఉండలేక మా అత్తగారికి చూపించాను. ఆవిడ అటూ ఇటూ తిప్పి, "తినేదా?" అని అడిగింది. కాదంటే నిరాశపడింది. అయినా ఆ రోజు నుంచీ టీవీ చూస్తూ గట్టి ముద్దల్ని పిసికి మెత్తబరిచే పని ఆవిడే తీసుకుంది. సీరియల్లో విలన్ రెచ్చిపోయిన రోజు నాకు ముద్ద వెన్నలా వస్తుంది.

మా వీధి చివరి లైబ్రరీలో పనిచేసే మేడమ్ నా మెడలో పూసల దండ చూసి, ఆదివారం వచ్చి నలుగురికీ ఎలా చేస్తారో చూపించమంది. పక్కనే ఉన్న మా ఆయన వెంటనే ఒప్పేసుకున్నాడు. ఇంటికొచ్చాక, "నువ్వు చేతుల సంగతి చూసుకో, మాటల సంగతి నేను చూసుకుంటా. నలుగురిలో నీకు నోరు పెగలదు కదా" అన్నాడు. పెళ్ళయిన కొత్తలో వాళ్ళ ఆఫీసువాళ్ళ ముందు ఒకసారి తడబడ్డాను. పదకొండేళ్ళుగా మా ఇంట్లో అదే నా బయోడేటా. ఆ పెగలని నోటితోనే స్కూలు టీచర్లతోనూ, ప్లంబర్లతోనూ, మా ఆయన ఎత్తని ఫోన్లు ఎత్తి ఆయన పైఆఫీసరుతోనూ మాట్లాడుతున్నానని అప్పుడు గుర్తు రాలేదు. సరేనన్నాను. ఆయన చొక్కా ఇస్త్రీ కూడా చేశాను.

ఆదివారం ఓ ముప్పై మంది వచ్చారు. "మేము ఈ కళను ఎన్నో ఏళ్ళుగా సాధన చేస్తున్నాం" అని మొదలుపెట్టాడు మా ఆయన. ఆ 'మేము'లో నేను ఏ మూల ఉన్నానో వెతుక్కుంటూ పక్క కుర్చీలో కూర్చున్నాను.

"కుండలు చేసే మట్టేనా బాబూ?" అని అడిగారు ఒక రిటైర్డ్ మాస్టారు.

"అదేనండీ, కాస్త శుద్ధి చేసింది. ఏటి ఒడ్డున దొరుకుతుంది."

నా చెవులు వేడెక్కాయి.

"అయితే సార్, మీ చేత్తో ఒకటి కోసి చూపించండి" అంది లైబ్రరీ మేడమ్.

ఆయన నా వైపు చూశాడు. ఆ చూపు నాకు కొత్త కాదు. చుట్టాల పేర్లు మర్చిపోయినప్పుడు, బీరువా తాళాలు కనపడనప్పుడు అలాగే చూస్తాడు, నేను వెనక నుంచి అందిస్తాను. అలవాటుగా నా పెదవులు కదిలాయి. చెప్పాల్సింది ఒక్క మాటే. బల్ల మీది కడ్డీ పొద్దున చేసింది, ఇంకా మెత్తగా ఉంటుంది, ఇంటి నుంచి తెచ్చిన ఐసు డబ్బాలో గట్టిపడినది తియ్యండి అని. నోరు మూసుకున్నాను. అది ధైర్యమేమీ కాదు, ఏం చేస్తాడో చూద్దామన్న సరదా.

ఆయన మెత్తటిదే తీసి, ఉల్లిపాయ కోసినట్టు కత్తితో నొక్కాడు. పువ్వు పక్కకి ఒరిగి నలిగిపోయింది. ఇంకోసారి నొక్కితే రేకులన్నీ ఏకమయ్యాయి. దాన్నే ఎత్తి చూపించి, "పువ్వు" అన్నాడు.

మాస్టారు కళ్ళజోడు సవరించుకున్నారు. "కప్పలా ఉంది బాబూ."

"వాడు చిన్నప్పుడు డ్రాయింగులోనూ అంతే" అంది ముందు వరసలోంచి మా అత్తగారు.

అందరూ నవ్వారు. లైబ్రరీ మేడమ్ నా వైపు తిరిగింది. "అసలు ఇవి చేసేది ఎవరమ్మా?"

"నేనండీ." లేచాను. నోరు పెగిలింది. "ముందుగా, ఇది మట్టి కాదు, ప్లాస్టిక్. తినకూడదు."

మా అత్తగారు అనుభవంతో తల ఊపింది.

గట్టిపడిన కడ్డీ తీసి సన్నటి బ్లేడుతో కోశాను. వేలి కొన మీద పువ్వు. అది చేతులు మారుతూ వెనక వరస దాకా వెళ్ళింది. ఆ తర్వాత గంటసేపు నేనే మాట్లాడాను. మా ఆయన ట్రే పట్టుకుని నిలబడ్డాడు. ఏ మాటకామాటే, బాగా పట్టుకున్నాడు.

అయిపోయాక లైబ్రరీ మేడమ్ దగ్గరికొచ్చి, "ప్రతి శనివారం మధ్యాహ్నం క్లాసు పెడతారా?" అంది.

"ఇంట్లో ఓసారి అడిగి చెప్తామండీ" అన్నాడు మా ఆయన.

"ఇంట్లో అడగాల్సింది నన్నేగా" అన్నాను. "వస్తానండీ."

ముగ్గురం ఇంటి వైపు నడిచాం. సగం దూరం వచ్చాక ఆయన, కోపంగా కాదు, నిజంగానే అర్థంకాక అడిగాడు. "శనివారం మధ్యాహ్నం నువ్వు లేకపోతే మరి టీ ఎవరు పెడతారు?"

ఫ్లాస్కులో పోసి పెడతాను, బిస్కెట్లు డబ్బాలో ఉంటాయి, కప్పులు కడిగి ఉంచుతాను. జవాబంతా నాలుక చివరికి వచ్చేసింది. మింగేశాను.

"మీరు" అన్నాను.

మా అత్తగారు నడక ఆపి కొడుకు వైపు తిరిగింది.

"నాకు చక్కెర తక్కువ వెయ్యరా" అంది.