అక్షరాలు చెరిగిన వాల్వులు

ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన కొత్తల్లో జైనబ్ పులివెందుల నుంచి ప్రొద్దుటూరుకు కోడలిగా వచ్చింది. నెలలు గడిచినా మొగుడి నోట పట్టుమని నాలుగు మాటలు వినలేదు. జమీర్ చెడ్డవాడు కాదు. బజారులో రేడియోలు రిపేరు చేసేవాడు. మాపటికి ఇల్లు చేరి, పెట్టింది తిని, "బాగుంది" అనేవాడు. అంతే.

ఇంట్లో అతను ముద్దుగా చూసుకునేది గోడలోని అద్దాల అలమారా. రేడియోల్లో కాలిపోయిన, చిన్న బల్బుల్లాంటి గాజు వాల్వులను పారెయ్యకుండా తెచ్చి అందులో నిలబెట్టేవాడు. కొన్ని అత్తరు బుడ్లలా సన్నగా, కొన్ని నడుము నొక్కుకుని లావుగా ఉండేవి. లోపల వెండి పూత తళుక్కుమనేది. పైన సన్నటి అక్షరాలు, అంకెలు.

రంజాన్ దగ్గర పడి ఇంటికి సున్నం కొట్టించారు. ఆ దుమ్ము అలమారాలోకీ చేరింది. జమీర్ మెచ్చుకుంటాడని జైనబ్ వాల్వులన్నీ దించి, కుంకుడు నురుగులో తడిపిన గుడ్డతో తుడిచి ఎండలో ఆరబెట్టింది. గాజు మెరిసింది. మళ్లీ సర్దబోతూ చూస్తే ఒక్కదాని మీదా అక్షరం లేదు.

అత్త మహబూబ్‌బీ నోటి మీద చెయ్యేసుకుంది. "ఎంత పని చేస్తివే! వాడు నన్ను గూడా ముట్టుకోనీడు వాటిని."

సాయంత్రం జమీర్ రాగానే, "నేనే తుడిస్తి. మీరు సంతోషపడతారనుకొంటి" అంటూనే జైనబ్ ఏడ్చేసింది.

అతను ఒక వాల్వు తీసి తిప్పి తిప్పి చూశాడు. ముఖం వాడిపోయింది. తలెత్తి భార్యను చూశాడు. ఆమె ముక్కు కొస ఎర్రబడింది.

"ఏంటికి ఏడుస్తాండావు? ఈడ కూచ్చో."

వాల్వును ఆమె అరచేతిలో పెట్టాడు. "నంబరు పోతే ఏమాయ? ఇది యాడిదో నాకు తెలీదా? జమ్మలమడుగులో నరసమ్మ టీచరుది. పాట మధ్యలో ఆరిపోయిందని ఆయమ్మ నా ముందరే కండ్లనీళ్లు పెట్టుకునె. నీ మాదిరే, ముక్కు ఎర్రగా చేసుకొని."

జైనబ్‌కు ఏడుపులోనే నవ్వొచ్చింది. ఇంకొకటి తీసింది. "మరి ఇది?"

"పెద్దముడియం పంచాయతీ రేడియోది. అది బాగయిందాకా ఊరంతా నా చుట్టూనే నిలబడె. మళ్లా పాట రాంగనే ఒక ముసలాయప్ప నా తల మీద చెయ్యి పెట్టి దీవించె."

"ఈ లావుది?"

"మీ పులివెందులదే. బస్టాండు కాడ హోటలుది."

"ఆ హోటలా! మా నాయన దినామూ ఆడికే పోతాడు. వార్తలు వినంది ఇంటికే రాడు."

"అయితే మీ నాయన శానా వార్తలు దీంతోనే విన్నెట్ల."

జైనబ్ దాన్ని రెండు చేతులా పట్టుకుని ఉండిపోయింది. అన్నానికి పిలవడానికి వచ్చిన మహబూబ్‌బీ గడపలోనే ఆగింది. కొడుకు అంతసేపు మాట్లాడటం ఆమె ఎప్పుడూ వినలేదు. పిలవకుండానే వెనక్కి పోయింది.

పండగైన తర్వాత ఒక సాయంత్రం జమీర్ కొత్తగా కాలిపోయిన వాల్వు తెచ్చి, అలమారా వైపు పోకుండా జైనబ్ చేతికిచ్చాడు.

"ఎవురిది?"

"నూలు వ్యాపారం చేసే జియావుల్లా మామది."

"ఆరిపోయేటప్పుడు ఏం పాట వస్తాండె?"

"అది అడగలే."

"రేపు రేడియో తీసుకపోను వస్తాడు గదా, అడగండి."

మరునాడు జమీర్ ఇంట్లోకి వస్తూనే, చెప్పులు విప్పకముందే చెప్పడం మొదలుపెట్టాడు.