మిషన్ ఆగితే తప్పు

మా అమ్మాయి పదో తరగతి సైన్సులో తప్పిందని తెలిసిన రోజు బడి మీదికి ఒంటికాలి మీద లేచాను. తప్పడమేమిటి? పరీక్షకు ముందు నెల రోజులూ పాఠాలన్నీ నాకే అప్పజెప్పింది, ఒక్క ముక్క పొల్లుపోలేదు. పేపర్లు దిద్దినవాళ్ళకే కళ్ళు లేవన్నాను. తర్వాత సైన్సు టీచరమ్మ బోర్డు నుంచి జవాబు పత్రం నకలు తెప్పించి నా ముందు పెట్టింది. సగం ఖాళీ. మిగతా సగంలో రాసి కొట్టేసినవి, మళ్ళీ రాసి మళ్ళీ కొట్టేసినవి. కొట్టేసినవాటిలోనే సరైన జవాబులు ఎక్కువ ఉన్నాయని ఆవిడ చెప్పింది. ఇంకా కోపంలోనే ఉన్నానేమో, ఆ మాట నా బుర్రకెక్కలేదు.

తోటివాళ్ళంతా పై చదువులకు వెళ్ళిపోయారు. దీనికి మిగిలింది మళ్ళీ పెట్టే పరీక్ష ఒక్కటే. ఈసారీ తప్పితే ల్యాబ్ టెక్నీషియన్ కోర్సులో దొరికిన సీటు ఇంకొకరికి పోతుంది, ఏడాదంతా ఇంట్లో కూర్చోవాలి. ఆ సంగతి నాకూ, మా ఆవిడకూ, అమ్మాయికీ తెలుసు. పైకి మాత్రం ఎవరమూ అనేవాళ్ళం కాదు.

నేను టైలర్ని. ముందు గదే షాపు. మా చదువు పద్ధతి కూడా అక్కడే తయారైంది. పుస్తకం మూసుకుపోకుండా కత్తెర బరువు పెట్టి మిషన్ బల్ల మీద తెరిచి ఉంచుతాను. నేను కుడుతూ ప్రశ్న అడుగుతాను, అమ్మాయి స్టూలు మీద కూర్చుని చొక్కాలకు గుండీలు కుడుతూ జవాబు చెబుతుంది. నేను ఎనిమిదితో ఆపేసినవాణ్ణే, అయినా పుస్తకం చూసి సరిచూసుకోవడానికి ఆ మాత్రం చదువు చాలు. కొలతలివ్వడానికి వచ్చిన ప్రతివాడికీ ఈ పద్ధతి గురించి గొప్పలు చెప్పేవాణ్ణి. పుస్తకం మూసి ఒంటరిగా కాగితం మీద రాయించమని టీచరమ్మ చెబితే, కాగితాలు దండగని నవ్వేశాను.

పరీక్ష ఇంకా పదకొండు రోజులుందనగా ప్యాంట్ల ఆర్డరొకటి మెడ మీదికొచ్చింది. గబగబా కుడుతూనే అడుగుతున్నాను.

"ఊపిరితిత్తుల నుంచి గుండెకు మంచి రక్తం తెచ్చేదేది?"

"పుపుస సిర."

సరైనదే. అదే క్షణంలో దారం పుటుక్కున తెగింది. కాలు ఆపాను.

"కాదు కాదు, పుపుస ధమని" అంది అమ్మాయి.

సూదిలోకి దారం ఎక్కించబోతున్నవాణ్ణి అలాగే ఉండిపోయాను. ముందు చెప్పిందే రైటు కదా, ఎందుకు మార్చావని అడిగాను. గుండీ మీంచి తల కూడా ఎత్తలేదు.

"నువ్వు మిషన్ ఆపావుగా నాన్నా."

అప్పుడు తెలిసొచ్చింది. తప్పు చెబితే పుస్తకంలోకి వంగి చూస్తాను, వంగితే కాలు ఆగుతుంది. ఇన్నాళ్ళూ అది నా కాలు విని జవాబులు చెబుతోంది. కాలు ఆడుతుంటే ఆ జవాబే, ఆగితే ఇంకోటి. అదేదో మోసమని దానికీ తెలియదు పాపం. పరీక్ష హాల్లో మిషన్ లేదు, నేను లేను. ఏది రాసినా చుట్టూ నిశ్శబ్దమే. నిశ్శబ్దమంటే తప్పనే దానికి అలవాటు. అందుకే రాసిందల్లా కొట్టేసింది.

కాళ్ళు రెండూ కుర్చీ మీదికి మడుచుకుని పది ప్రశ్నలడిగాను. అది నా కనుబొమల వంక చూసింది, చేతుల వంక చూసింది. మూడు చెప్పగలిగింది. నా మీద నాకే ఒళ్ళు మండిపోయింది. పిల్లను ముంచింది బడి కాదు, నేనే.

ఆ సాయంత్రమే టీచరమ్మ ఇంటికి వెళ్ళి, తల దించుకుని ఆవిడ పద్ధతి మళ్ళీ చెప్పించుకున్నాను. మర్నాటి నుంచి అమ్మాయిని వెనక గదిలో కూర్చోబెట్టాం. పుస్తకం మా ఆవిడ దగ్గర వంటింట్లో. ఇరవై ప్రశ్నలు రాయాలి, రాశాక పుస్తకం అడిగి తీసుకుని తనే దిద్దుకోవాలి, తప్పినవి రెండో రోజు వేరేవాటిలో కలిపి మళ్ళీ రాయాలి. మొదటి రోజు ఆరు వచ్చాయి. కళ్ళు ఎర్రగా చేసుకుని నా దగ్గరికొచ్చింది. నువ్వడిగితే అన్నీ వస్తాయి నాన్నా, అడగకపోయినా ఊరికే ఆ మూల కూర్చో చాలంది. కుదరదన్నాను. అంత కఠినంగా దానితో ఎప్పుడూ మాట్లాడలేదు. రెండు రోజులు నాతో మాట్లాడడం మానేసింది. మా ఆవిడ నన్ను కళ్ళతోనే కాల్చింది.

తర్వాత తొమ్మిదొచ్చాయి. ఒకరోజు వెనక్కి తగ్గి ఏడు. ఆ తర్వాత పన్నెండు. ఎనిమిదో రోజు నుంచి ఎన్నొచ్చాయో నాకు చెప్పడం మానేసింది. ఇటు నేను కుట్టిన ప్యాంట్లకు జేబులు తిరగబడ్డాయి. తలుపు అవతల ఏం రాస్తోందో, ఏం కొట్టేస్తోందో తెలియక ప్రాణం ఉగ్గబట్టుకుని కూర్చునేవాణ్ణి.

పరీక్ష రోజు గేటు దగ్గర నిలబడ్డాం. ఒక్కటడుగు నాన్నా, ఒక్కటే, అని బతిమాలింది. నాకూ మనసాగలేదు. దాని చేతిలోని పుస్తకం తీసుకుని తెరిచాను.

"పైత్యరసం తయారయ్యేదెక్కడ?"

"కాలేయంలో."

వేలు పెట్టి చూశాను. పిత్తాశయం అని ఉంది. నా మొహం మాడిపోయి ఉంటుంది, దాచుకోవడం నాకెప్పుడూ చేతకాదు.

"తప్పు తల్లీ. పిత్తాశయం" అన్నాను.

నా మొహంలోకి చూసింది. అయిపోయింది, ఇప్పుడు మార్చేస్తుంది, లోపలికి వెళ్ళి మళ్ళీ అన్నీ కొట్టేస్తుంది అనుకున్నాను. నా నోటితో నేనే చేశానీ పని. ఇంతలో గంట కొట్టారు.

"కాదు నాన్నా. అక్కడ నిల్వ ఉంటుందంతే. పై లైను చదువు."

పై లైను చదివాను. కాలేయంలో తయారవుతుందనే ఉంది. తలెత్తేసరికి అమ్మాయి గేటు దాటి పిల్లల్లో కలిసిపోయింది. చుట్టూ తల్లిదండ్రులు నన్నే చూస్తున్నారని తెలుస్తోంది. అయినా కళ్ళు తుడుచుకోలేదు.