తీసింది మళ్ళీ పెట్టను

మవ్లూద బల్ల కిందికి దూరి, తీగల మీది దుమ్మును తలగుడ్డ అంచుతో తుడుస్తోంది. యాభై దాటిన మనిషి. మోకాళ్ళు పట్టేశాయి గానీ వేళ్ళకు ఇంకా వయసు రాలేదు. మార్గిలాన్ ఊరి బజారు పక్కనున్న ఆ ఇంటర్నెట్ గదిలో మిగతా కంప్యూటర్లన్నీ బాగానే నడుస్తున్నాయి. యజమాని ఫర్రుఖ్ కూర్చునే దానికే నెట్ లేదు.

నిన్న అన్ని కంప్యూటర్లలోంచీ ఒక పీడను ఆమే వదిలించింది. 'సహాయకుడు' అని పేరు పెట్టుకుని దూరిన ప్రోగ్రాం అది. ఎవరు ఏ పేజీ తెరిచినా మధ్యలో తన మొహం చూపించేది, వాళ్ళు రాసుకున్నదంతా చాటుగా చదివేది. అది పోయింది, దాంతోపాటు ఫర్రుఖ్ దాంట్లో నెట్టూ పోయింది.

"బాగున్నదాన్ని చెడగొట్టావు కదక్కా!" గుమ్మంలోంచే కేకేశాడు ఫర్రుఖ్. "నెట్ రావాలి, ఆ సహాయకుడూ మళ్ళీ రావాలి. మా బావమరిది పెట్టించాడు దాన్ని."

"బావమరిదిని ఇంట్లో పెట్టుకో తమ్ముడూ. కంప్యూటర్లో ఎందుకు?"

కూర్చున్నవాళ్ళు కిసుక్కుమన్నారు. ఫర్రుఖ్ మొహం కందగడ్డయింది.

"పెడతావా, పోతావా? ఏదో ఒకటి తేల్చు."

ఆమె మళ్ళీ తీగను తడమసాగింది. పోతే ఇంకెక్కడికి? ఈ ఊళ్ళో ఆమెకంటూ ఉన్నది జీతానికి దొరికిన ఈ కుర్చీ ఒక్కటే. అంతకుముందు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో తీగలు కలిపేది. పెళ్ళి మాటలు, చావు కబుర్లు, మొగుడూ పెళ్ళాల తగవులు అన్నీ ఆమె వేళ్ళ సందుల్లోంచే వెళ్ళేవి. ఒక్కటీ చెవిన వేసుకోలేదు. ఒకసారి పై అధికారి, ఫలానావాళ్ళ మాటలు విని చెప్పమంటే చెవుల మీది యంత్రం తీసి అతని ముందు పెట్టి లేచి నిలబడింది. ఆ ఏడాదంతా ఆమెచేత మెట్లు కడిగించారు. కడిగింది గానీ వినలేదు.

తీగ బాగుంది. నెట్ డబ్బా మీద దీపాలూ వెలుగుతున్నాయి. కుర్చీలోకి ఎక్కి అమరికలు ఒక్కొక్కటే తెరిచింది. దొరికింది! ఏ పేజీ అడిగినా సహాయకుడి గుండానే పోవాలని లోపల ఇంకా రాసి ఉంది. ఉద్యోగం మానేసిన ఆపరేటరు బల్లకు కాల్ కలుపుతూ కూర్చుంది ఈ పిచ్చి కంప్యూటర్. ఆ గడిలో టిక్కు తీసేసింది. పేజీ తెరుచుకుంది.

"ఇక సహాయకుణ్ణి పెట్టు," అన్నాడు ఫర్రుఖ్.

"నేను తీసింది మళ్ళీ పెట్టను. ఇక్కడికొచ్చే ఆడపిల్లలు ఎవరితో ఏం మాట్లాడుకుంటే మీ బావమరిదికేం?"

"అయితే రేపట్నుంచి రాకు."

మవ్లూద లేచింది. కోటు తొడుక్కుని బయటికొచ్చింది. పక్కనే రొట్టెలమ్మే హనీఫా, "ఎక్కడికే, అప్పుడే?" అంది.

"ప్రయాణం. వేడిది ఒకటివ్వు."

ఆ ప్రాంతంలో ఊరు విడిచేవాళ్ళు కొరికిన రొట్టెను, తిరిగొచ్చి మిగతాది తినేదాకా ఇంట్లో గోడకు తగిలిస్తారు. కొడుకు సైన్యానికి పోయేటప్పుడు తల్లి చేసే పని అది. వెళ్ళగొట్టినవాడి గోడకు ఎవరూ తగిలించరు. మవ్లూద మళ్ళీ లోపలికి నడిచి, అందరూ చూస్తుండగా రొట్టెను కసుక్కున కొరికింది. ఫర్రుఖ్ కంప్యూటర్ పైనున్న మేకుకు దాన్ని గుచ్చింది.

"జాగ్రత్త తమ్ముడూ. మిగతాది తినడానికొస్తా."

వెనక్కి చూడకుండా వెళ్ళిపోయింది.

ఫర్రుఖ్ దాన్ని పీకబోయి ఆగాడు. రొట్టె పారేసినవాడు ఆ బజార్లో తలెత్తుకు తిరగలేడు. ఒకరి ప్రయాణపు రొట్టెను ఇంకొకరు తినకూడదు. కూర్చున్నవాళ్ళంతా అతని చేతివైపే చూస్తున్నారు. చెయ్యి దించాడు.

మేకుకు వేలాడుతూ, పంటిగాట్ల దగ్గర రొట్టె ఇంకా పొగలు కక్కుతోంది.