చిన్న ల్యాప్‌టాప్‌కు బదులు

"ఇది ఉంటే ఇంక ఆ డబ్బా అవసరమే లేదంట. అంగడతను చేసి చూపించినాడు. మనం మాట్లాడితే చాలు, అదే రాసుకుంటాది" అంటూ మా ఆయన కొత్త ట్యాబ్లెట్‌ను తెచ్చి వంటింటి బండ మీద పెట్టాడు. నేను నానబెట్టిన అనపగింజలు పితుకుతున్నాను. చేతులు జిగురుగా ఉన్నాయి. తుడుచుకుని ముట్టుకుందామనుకునేలోపే, "ముందు చేతులు కడుక్కోవే, గాజు అది" అన్నాడు. ఎవరి పని కోసం తెచ్చాడో ఆ మనిషి చేతులే దానికి పనికిరావని అప్పుడే తేలిపోయింది.

మా ఆయన చంద్రశేఖర్ వర్తూరులో దస్తావేజులు రాసే మనిషి. అక్కడి రిజిస్టర్ ఆఫీసు ఎదురు సందులో ఆయనకు ఒక గది, బల్ల, పైన బోర్డు ఉన్నాయి. పార్టీలు వచ్చి కాగితాలిస్తే ఆయన వాటిని ఫోన్‌లో ఫోటో తీసి నాకు పంపిస్తాడు. నేను కాడుగోడిలో, మా వంటింట్లో కూర్చుని, క్రయపత్రమైనా దానపత్రమైనా కన్నడంలో టైపు చేసి పంపిస్తాను. పదకొండేళ్ళుగా ఇదే. నేను చదివింది పదో తరగతి, ఆపైన టైపు లోయరు. ఆయనకు ఒక వేలితో వెతుక్కుని కొట్టడమే వచ్చు. అయినా "ఏం పని చేస్తుందమ్మా మీ కోడలు?" అని ఎవరైనా అడిగితే మా అత్త, "ఇంట్లోనే ఉండాది, సుమ్నే, ఊరికే" అంటుంది.

నాకు భయం ఎక్కువ. మా అమ్మాయి రమ్య కాలేజీ నుంచి రావడం పది నిమిషాలు ఆలస్యమైతే, హోప్‌ఫారం కూడలి దగ్గర నీళ్ళ ట్యాంకరు చక్రం, దాని పక్కన పడిపోయిన స్కూటీ నా కళ్ళ ముందుకు వచ్చేస్తాయి. సర్వే నంబరులో ఒక అంకె తప్పు కొడితే ఏ ముసలాయన కోర్టు మెట్లెక్కి కూలబడతాడో, ఏ ఆడమనిషి సామాను వీధిలో పడుతుందో అని గుండె కొట్టుకుంటుంది. అందుకే నాలుగు దిక్కుల హద్దులూ మూడేసి సార్లు చదువుతాను. తూర్పుకు ఏముంది, పడమరకు ఏముంది, వేలు పెట్టి చూస్తాను. ఇంట్లో దీన్ని ఆయన పిచ్చి అంటాడు. వర్తూరులో మాత్రం "చంద్రశేఖర్ రాస్తే తప్పుండదప్పా" అని పేరు. నా పిచ్చి చీరకొంగు దాటి వీధిలోకి వెళ్ళేసరికి ఆయన పేరయిపోయింది.

ఇన్నాళ్ళూ నేను వాడింది పలకంత ఉండే చిన్న ల్యాప్‌టాప్. మూల విరిగింది, మూతకు రబ్బరు బ్యాండు. కానీ దాని మీద ఎఫ్, జె అక్షరాలకు చిన్న గీతలు ఉంటాయి. వేళ్ళు ఆ గీతల మీద ఆనితే చాలు, మిగతా అక్షరాలన్నీ ఎక్కడున్నాయో వేళ్ళకే తెలుసు. కళ్ళు ఖాళీ. పాలు పొంగుతున్నాయా, కుక్కరు ఎన్ని కూతలు కూసింది, రమ్య స్కూటీ సందు మలుపు తిరిగిందా, అన్నీ చూస్తూనే ఒక పేజీ కొట్టేస్తాను. ట్యాబ్లెట్ గాజు మీద వేలికి ఏమీ తగలదు. అక్షరాలు బొమ్మల్లా ఉంటాయి, సగం తెర అవే మింగేస్తాయి. హద్దులు కొడుతుంటే పైన సర్వే నంబరు కనబడదు. నోటితో చెబితే ఊళ్ళ పేర్లూ అంకెలూ తప్పులు రాస్తుంది. ప్రతి అక్షరానికీ తల వంచి చూడాలి. తల వంచితే పాలు పొంగుతాయి.

"వేరే కీబోర్డు దొరుకుతాది నాన్నా, దానికి తగిలించొచ్చు" అంది రమ్య.

"దానికి మళ్ళీ దుడ్డా? దేవుడు పది వేళ్ళు ఇచ్చిండాడు కదా మీ అమ్మకి."

"అయితే పాతదే వాడుకుంటుంది, ఇది మీరు పెట్టుకోండి."

"పాతదాన్ని ఆఫీసుకు తీసుకుపోతా ఉండా. బల్ల మీద ల్యాప్‌టాప్ ఉంటే పార్టీకి ఒక నమ్మకం."

అట్లా నా ల్యాప్‌టాప్ వర్తూరుకు వెళ్ళి బల్ల మీద మూత తెరుచుకుని కూర్చుంది, పూలకుండీ లాగా. ట్యాబ్లెట్ నాకన్నారు కానీ నాది కాలేదు. ఆ పాత డబ్బాను ఎవరూ ముట్టుకునేవాళ్ళు కాదు, అది పనిలా కనిపించేది కనుక. ఇది టీవీలా మెరుస్తుంది. పొద్దున మా అత్తకు ప్రవచనం కావాలి, సాయంత్రం ఆయనకు క్రికెట్ కావాలి, మధ్యలో నాకు మిగిలిన గంటలో దస్తావేజు కావాలి. చిన్న ల్యాప్‌టాప్ బదులు ఇది సరిపోతుందా అంటే, చూసేవాళ్ళకు సరిపోతుంది. రాసేవాళ్ళకు సరిపోదు. ఆ తేడా ఆయనకు తెలియకపోవడంలో వింత ఏముంది, ఆయన ఎన్నడూ రాసి ఉంటే కదా.

రెండు వారాలు పంటి బిగువున నడిపాను. అప్పుడు వచ్చింది ఓబళప్ప పని. ఓబళప్ప వర్తూరులోనే పుట్టి పెరిగిన రైతు. పొలాలన్నీ అపార్ట్‌మెంట్లు కాగా మిగిలిన ఒక ముప్పై అడుగులకు నలభై అడుగుల సైటును, మొగుడు వదిలేసిన కూతురు బేబీకి దానం రాసిస్తున్నాడు. సోమవారం ఆయనకు గుండె ఆపరేషన్. శుక్రవారం రిజిస్టరుకు తారీఖు దొరికింది. బుధవారం సాయంత్రం లోపల పత్రం సంతకాలై అప్‌లోడ్ కాకపోతే ఆ తారీఖు పోతుంది. కొడుకులు ఇద్దరున్నారు, వాళ్ళకు ఇష్టం లేదు. ముసలాయనకు ఏమన్నా అయితే బేబీ గతి ఏమిటని, ఆ పత్రం గాజు మీద కొడుతూనే నేను పదిసార్లు అనుకున్నాను. హద్దులు మూడుసార్లు కాదు, ఐదుసార్లు చదివాను.

మంగళవారం సాయంత్రం నేను పిండిమర నుంచి వచ్చేసరికి మా ఆయన ట్యాబ్లెట్ ఒళ్ళో పెట్టుకుని నవ్వుతున్నాడు. "బేబీ ఇంటిపేరు మార్చాల్నంటే నేనే మార్చేసినా. నీ కోసం కాచుకోను కూడా లేదు. చూస్తివా ఎంత సులభమో!" పిండి డబ్బా కింద పెట్టేశాను. "ఒకసారి ఇటివ్వండి, చూస్తాను" అన్నాను. "చూసేదానికి ఏముండాది? నీ పిచ్చి మొదలుపెట్టకు" అని దాన్ని అత్త చేతికిచ్చాడు. ప్రవచనం మొదలైంది.

అది మళ్ళీ నా చేతికొచ్చింది బుధవారం పదిన్నరకు, ఆయన వెళ్ళిపోయాక. తెరిచి చూశాను. ఆయన దాన్ని ముందే ఆఫీసులోని ల్యాప్‌టాప్‌కు పంపేసుకున్నాడు. పేరు సరిగానే మారింది. కింద హద్దులు మాత్రం బేబీ సైటువి కావు. పోయిన వారం మహేశ్ అనే అతనికి రాసిన క్రయపత్రంలోవి. ఆయన వేలు ఎక్కడ జారిందో, ఏది పట్టుకుని ఎక్కడ వదిలాడో, ఆ నాలుగు వరుసలూ వచ్చి దీంట్లో కూర్చున్నాయి. ఆ పత్రం అట్లాగే వెళితే బేబీకి తండ్రి ఇచ్చింది తండ్రిది కాని నేల. రేపు అన్నదమ్ములు తలుపు తీసి బయటికి పొమ్మంటే చూపించడానికి ఆమె చేతిలో ఏముంటుంది? ఫోన్ చేశాను. ఏడుసార్లు. ఎత్తలేదు. పొయ్యి ఆర్పేసి చెప్పులేసుకున్నాను.

"ఎక్కడికే? అన్నం ఎవరు వారుస్తారు?" అంది అత్త.

"వార్చుకుంటే వార్చుకోండి, లేకుంటే గంజితో తినండి" అన్నాను. ఆ మాట నా నోట్లోంచే వచ్చిందని ఆటో ఎక్కాక గానీ తెలియలేదు.

గది గుమ్మం దగ్గరికి వచ్చేసరికి లోపల బేబీ గొంతు. "మా సైటు పక్కన కోళ్ళ షెడ్డు యాడుండాదప్పా? పడమరకు కోళ్ళ షెడ్డు అని రాసిండారే! ఇది చదువుకోకుండా మా నాయన సంతకం పెట్టేసింటే?"

మా ఆయన నవ్వు వినబడింది, పార్టీల ముందు నవ్వే నవ్వు. "కోపం చేసుకోకమ్మా. నేను రాసింటే ఇట్ల అయ్యేది కాదు. ఇది ఇంట్లో మా ఆమె కొట్టింది. ఆడోళ్ళ పని, వంట మధ్యలో చేస్తారు కదా, ఏదో పరధ్యానం."

నేను గుమ్మంలోనే నిలబడిపోయాను. పదకొండేళ్ళలో నేను ఉన్నానని ఆయన బయటివాళ్ళకు చెప్పడం అదే మొదటిసారి. వందల పత్రాలు ఆయన రాశాడు. తప్పు ఒకటి దొరికేసరికి నేను పుట్టాను. నాకు ఏడుపు వస్తుందేమో అనుకున్నాను, ఎప్పుడూ వచ్చేది అదే కనుక. రాలేదు. చెవులు వేడెక్కాయి, అంతే.

"అవునప్పా" అన్నాను లోపలికి వెళ్ళి, ఓబళప్ప వైపు తిరిగి. "పదకొండేండ్లుగా ఇక్కడ రాసిండేదంతా నేనే. ఈ ఒక్క తప్పు మాత్రం ఈయన రాసినాడు. నిన్న సాయంత్రం, నేను పిండిమరకు పోయినప్పుడు."

బేబీ మా ఆయన ముఖం చూసి పైట అడ్డం పెట్టుకుంది. నవ్విందో ఏమో. ఓబళప్ప మాత్రం నవ్వలేదు. నిదానంగా అడిగాడు. "మా అన్న పాలుపత్రం? మూడేండ్ల ముందర భాగాలు పంచుకున్నది?"

"మీ బావికి నాలుగు పక్కలా దారి వదలాలని రాసింది నేనే. మీరు చెప్పింది మూడు పక్కలే. నాలుగో పక్క సంగతి ఈయనతో ఫోన్ చేసి అడిగించినాను."

"అవును" అన్నాడు ముసలాయన. "అడిగింది జ్ఞాపకముండాది. అయితే ఇంకేమిటికి నిలబడుకోవడం, కూర్చో తల్లీ. నాకు ఎక్కువ టైము లేదు."

మా ఆయన కుర్చీ వదలలేదు. "ఏమే, ఇంటికి పోయి కొట్టి పంపించు. ట్యాబ్లెట్ ఇంట్లో కదా ఉండేది" అన్నాడు గొంతు తగ్గించి.

"నా ల్యాప్‌టాప్ ఇక్కడుంది. లేవండి."

లేచాడు. నా కోసం కాదు, పార్టీ చూస్తోందని. వేళ్ళు గీతల మీద ఆన్చాను. మీటల సందుల్లో దుమ్ము పట్టింది కానీ అవి నన్ను మరిచిపోలేదు. తండ్రీకూతుళ్ళ వైపే చూస్తూ అడుగుతూ, కొడుతూ పోయాను. తూర్పుకు? రోడ్డు. పడమరకు? ఓబళప్ప మిగులు నేల. ఉత్తరానికి? దక్షిణానికి? బేబీ నా ముఖం వదిలి చేతులనే చూస్తోంది. "అయ్యో అక్కా, వేళ్ళకు కండ్లుండాయా ఏమి నీకు!" అంది. అయ్యాక వాళ్ళకు గట్టిగా చదివి వినిపించాను, మూడుసార్లు. మూడోసారికి ఓబళప్పే నాతో కలిసి చదివాడు.

పత్రం చివర సాక్షుల సంతకాల కింద ఒక వరుస ఉంటుంది. కన్నడంలో బిక్కలం అంటారు, ఈ పత్రాన్ని రాసింది ఫలానా అని. అక్కడ ఉన్న మా ఆయన పేరు చెరిపేసి కొట్టాను: కె. వెంకటలక్ష్మి, కాడుగోడి. ప్రింటు తీసి సంతకం పెట్టడానికి పెన్ను మూత తీశాను.

మా ఆయన వంగి చూశాడు. అరవలేదు. నన్ను ఎక్కడ నొక్కితే ఆగుతానో ఇన్నేళ్ళ కాపురంలో ఆయనకు తెలుసు. మెల్లగా, చెవి దగ్గర అన్నాడు. "బాగా ఆలోచించుకో. వాళ్ళ కొడుకులు ఊరికే వదలరు. రేపు కేసయితే కోర్టు కాగితం నీ పేరు మీద వస్తాది."

నాకు కనబడింది కూడా. కాడుగోడిలో మా గుమ్మం, సైకిలు దిగుతున్న మనిషి, చేతిలో ఖాకీ కవరు, మా అత్త కేకలు.  అయినా నిండు అక్షరాలతో సంతకం పెట్టి, పెన్ను ఆయన చేతికిచ్చాను.

"రానీండి" అన్నాను. "పెండ్లయిన ఇరవై రెండేండ్లలో మన ఇంటికి నా పేరు మీద కరెంటు బిల్లు కూడా రాలేదు."